పస్తున్న బురద

మా ఆవిడ ఉద్యోగం ఏమిటని ఎవరైనా అడిగితే, బురదకు తిండి పెట్టి అది ఎంత త్రేన్చిందో కొలుస్తుందని చెబుతాను. ఆవిడకు ఒళ్లు మండుతుంది. కానీ నేను చెప్పేది అబద్ధమేమీ కాదు. మురుగు ట్యాంకు అడుగున, గాలి తగలకుండా బతికే సూక్ష్మజీవుల బురదను గాజుసీసాల్లో పోసి, ఏ చెత్త వేస్తే ఎంత మీథేన్ వస్తుందో ల్యాబులో తేలుస్తుంది. ఆ సీసాలను చూసుకున్నంత శ్రద్ధగా నన్నెప్పుడూ చూసుకోలేదు, అది వేరే సంగతి.

ఈసారి పరీక్షకొచ్చింది మా బావమరిది పనిచేసే పళ్లరసాల ఫ్యాక్టరీ పిప్పి. దానితో గ్యాస్ ప్లాంటు పెట్టి ఫ్యాక్టరీ బర్నర్లు వెలిగిద్దామని యజమానిని ఒప్పించింది వాడే. "ల్యాబువాళ్లు సరేనంటే ప్లాంటు నీ చేతికిస్తా, లేదంటే మళ్లీ పెట్టెలు మోసే పనికే" అన్నాడాయన. ఆ పెట్టెలు మోసి మోసే వాడి నడుం పాడైంది. అందుకే రిపోర్టు మీద గంపెడాశ పెట్టుకున్నాడు.

పరీక్షకు ముందు బురదను కొన్నాళ్లు ఓ డ్రమ్ములో పస్తుంచుతారు. పాత తిండి అరిగిపోతేనే, తర్వాత వచ్చే గ్యాసు మనం వేసినదాని నుంచే వచ్చిందని చెప్పగలం. కొన్ని సీసాల్లో చెత్తకు బదులు సెల్యులోజ్ పొడి వేస్తారు. దాన్నుంచి ఎంత గ్యాసు రావాలో ముందే తెలుసు. అంత వస్తేనే మిగతా సీసాలను నమ్ముతారు.

పిప్పి సీసాలు బ్రహ్మాండంగా గ్యాసిచ్చాయి. అయినా ఆ సాయంత్రం మా ఆవిడ మొహం మాడ్చుకుని ఇంటికొచ్చింది. పొడి వేసిన సీసాలు ఒక్కోటి ఒక్కోలా ఇచ్చాయట. ఒకటైతే ఆ పొడి ఇవ్వగలిగినదానికన్నా ఎక్కువిచ్చిందట.

"ఎక్కువొస్తే మంచిదేగా?" అన్నాను.

"లీటరు ప్యాకెట్లోంచి లీటరున్నర పాలొస్తే తాగుతారా?" అంది.

అంతలో బావమరిది హుషారుగా వచ్చాడు. "అక్కా, అదిరిపోయిందటగా!"

"ఆ పరీక్ష రద్దు చేశానురా. మళ్లీ మొదట్నుంచి చెయ్యాలి. పిప్పి ఇవ్వడానికి వచ్చినప్పుడు మూలనున్న బురద డ్రమ్ముని ముట్టుకున్నావా?"

వాడు నీళ్లు నమిలాడు. "వాటిని పస్తుంచామన్నావు కదా, పాపమనిపించింది. కాస్త పిప్పి వేశా. బలంగా ఉంటే బాగా పనిచేస్తాయని..."

నాకు నవ్వాగలేదు. ఇద్దరూ నన్ను కొరకొరా చూశారు.

"ఆ పిప్పి ముక్కలు ఓ సీసాలో ఎక్కువ, ఓ సీసాలో తక్కువ పడ్డాయి. ఇప్పుడు ఏ గ్యాసు దేన్నుంచి వచ్చిందో ఎలా చెప్పను?"

"నువ్వు చెప్తే తప్ప ఎవరికీ తెలీదక్కా."

"రేపు బర్నర్లు వెలగకపోతే అందరికీ తెలుస్తుంది."

"అంటే నా నడుం ఏమైపోయినా నీకక్కర్లేదన్నమాట!" అని విసురుగా వెళ్లిపోయాడు.

డ్రమ్ములో ఈసారి కొత్త బురద పస్తులుంటోంది. "దానికి తోడు నువ్వూ పస్తేనా?" అని ఆటపట్టించబోయాను. ఆవిడ నవ్వలేదు, కంచం ముందు నుంచి లేచిపోయింది. ఎందుకన్నానా అని బాధపడ్డాను. తమ్ముణ్ని ఎత్తుకుని పెంచిన మనిషి, వాడి ఫోను కోసం ఎదురుచూస్తూ కూర్చునేది. వాడు చెయ్యలేదు.

రెండోసారి సెల్యులోజ్ బుద్ధిగా ఎంతివ్వాలో అంతే ఇచ్చింది. పిప్పి గ్యాసు మాత్రం మొదటిసారి వచ్చినదాంట్లో సగానికి పడిపోయింది. మా ఆవిడ ఉన్నదున్నట్టు రాసిచ్చింది. యజమాని కాసేపు సణిగి, చిన్న ప్లాంటే కట్టమన్నాడు. దాన్ని బావమరిదికే అప్పగించాడు. అయినా వాడు మా గడప తొక్కలేదు.

ప్లాంటు మొదలయ్యే రోజు నాకు ఫోన్ చేశాడు. "బావా, అక్కని తీసుకురా."

వెళ్లగానే ఆవిడ అడిగిన మొదటి మాట, "ఎన్ని బర్నర్లు పెట్టావు?"

"నీ సీసాలు చెప్పినన్నే" అని లైటర్ ఆవిడ చేతిలో పెట్టాడు. "మొదటి లెక్క నమ్ముంటే సగం ఆరిపోయేవక్కా. నా పనీ పోయేది."

బర్నర్లన్నీ నీలంగా, సమంగా వెలిగాయి. అందరూ చప్పట్లు కొట్టారు. మా ఆవిడ మంటల వైపు చూడనేలేదు. తమ్ముడి వీపు మీద చెయ్యి వేసింది.

"నడుం ఎలా ఉందిరా?" అంది.