పేరు పెట్టి మూడు పిలుపులు

నా గొంతు గరుకు. చిన్ననాటి నుంచీ బీడీల దుమ్ములో కూర్చున్నదాన్ని. సంతకం చేయడం వచ్చు, బస్సు బోర్డు కూడబలుక్కుని చదవడం వచ్చు, అంతే చదువు. నేను చెబుతుంటే ఇది రాస్తున్నది మా మేడం. అబుదాబిలో, మహమ్మద్ బిన్ జాయెద్ సిటీలో వాళ్ళింట్లో వంట చేస్తాను. ఆమె బడిలో పెద్ద పిల్లలకు చరిత్ర చెబుతుంది. ఆమెది కాకినాడ, మాది జగిత్యాల దిక్కు.

నా పెనిమిటి షార్జా ఇండస్ట్రియల్ ఏరియాలో వెల్డింగు పని చేసేవాడు. కరోనా వచ్చిన ఏడు అక్కడే పోయాడు. అప్పుడు దారులు బంద్, నన్ను అబుదాబి దాటనివ్వలేదు. శవాన్ని ఊరికి పంపేది లేదు, ఇక్కడే కాలుస్తామన్నారు. ఆయన రూములోనే ఉండే మరిది వరసతను శ్మశానం నుంచి ఫోన్ చేశాడు.

మా ఊళ్ళో దింపుడు కల్లం చేస్తారు. పాడెను సగం దారిలో దించి, పోయిన మనిషిని చెవిలో పేరు పెట్టి మూడుసార్లు పిలుస్తారు. అప్పటికీ పలకకపోతేనే పోయినట్టు. ఆ తర్వాతే పాడె మళ్ళీ లేస్తుంది.

"వదినా, మమ్ముల దగ్గరికి పోనిస్తలేరు. ఫోను స్పీకర్ల పెట్టి చెయ్యి చాపిన. నువ్వే పిలువు. జెల్ది, మా ముదీర్ యల్లా యల్లా అంటుండు" అన్నాడు. ముదీరంటే వాళ్ళ మేనేజరు.

నేను "ఇగో, ఇంటున్నవా" అన్నాను.

పెళ్ళయిన నాటి నుంచీ ఆయనకు నా నోట అదే పిలుపు. మొగుడి పేరు ఎన్నడూ పలకలేదు. రేషన్ దుకాణంలో అడిగితే పక్కనున్నామెతో చెప్పించేదాన్ని. ఆ రోజు కూడా పేరు పెదవుల దాకా వచ్చి ఆగింది. రెండోసారి "ఇగో" అనేలోపే ఫోను కట్టయింది.

అస్థికలు ఊరికి పోయాయి. కర్మ ఆయన తమ్ముడు చేశాడు. నాకు మాత్రం ఆయన్ని సగం దారిలో దించి వదిలేసినట్టే ఉండేది. ఆ శ్మశానంలో ఎందరి పెళ్ళాలు ఫోన్లో "ఇగో" అన్నారో. అది తననే అని ఆయనకెట్లా తెలియాలి? పట్టపగలు తలుపు చప్పుడైనా ఆయనే వచ్చాడని గుండె జారేది. ఏడాది దాకా అదే బతుకు.

అప్పట్లో మేడం ఇంట్లోనే, అన్నం బల్ల మీద కంప్యూటర్ పెట్టుకుని పాఠం చెప్పేది. ముందు హాజరు. ఒక్కొక్క పిల్లని రెండుసార్లు, మూడుసార్లు పిలిచేది. పలకకపోతే రాలేదని రాసుకునేది. పాఠం ఇంగ్లీషు, నాకు తెలియదు. తినేటప్పుడు అడిగితే తెలుగులో చెప్పేది.

"ఇయ్యాల ఏం చెప్పిన్రు మేడం?" అన్నానొక రోజు, మెంతికూర తుంచుతూ.

"చావుల పాఠమమ్మా. వెనకటికి ఐరోపాలో గ్రీకులని ఉండేవారు. చనిపోయినవాళ్ళ నోట్లో నాణెం పెట్టేవారు. కింద లోకంలో ఏరు దాటించే పడవవాడికన్నమాట."

"మేం నొసట పెడ్తం. అంటే ఆడగూడ ఏజెంటున్నడు."

మేడం నవ్వింది. ఇంకా ఉత్తరాన వేరే జాతి ఉండేదట. వాళ్ళ గురువులు ఏళ్ళ తరబడి విద్యంతా నోటితోనే నేర్చుకునేవారట, పవిత్రమైనది రాయకూడదనేవారట. ఆత్మ చావదు, ఇంకో ఒంట్లోకి పోతుందని చెప్పేవారట.

"రాయరా? గట్లయితే నేను గూడ సదువుకున్నదాన్నే."

"మీకు వచ్చినన్ని పాటలు నాకు రావు కదమ్మా" అని, ఇంకో మాట చెప్పింది. "మనిషి పోతే రోమన్లు పేరు పెట్టి గట్టిగా పిలిచేవారు. సముద్రం మీదో, పరాయి దేశంలోనో పోయి శవం రాకపోతే, ఉత్త మట్టిదిబ్బ పోసి, అక్కడ మూడుసార్లు పిలిచినవాళ్ళూ ఉన్నారు."

నా చేతిలో కాడ అట్లాగే ఉండిపోయింది.

"ఎన్నడు పిలిచేటోళ్ళు? పోయిన్నాడేనా?"

"కబురు రావాలి కదమ్మా. ఓడలు తిరిగొచ్చేసరికి ఎన్ని నెలలు పట్టేదో."

"గంత ఆలస్యమైనా ఇంటరా?"

"వింటారనే కదా పిలిచింది."

"పెండ్లామే మొగని పేరు పెట్టి పిలిస్తే?"

మేడం నా మొహం చూసి తినడం ఆపింది. ఫోన్ సంగతి అప్పుడే చెప్పాను. "పెళ్ళాం పిలవకూడదని నేనెక్కడా చదవలేదమ్మా" అంది మెల్లగా.

ఆ శుక్రవారం పొద్దున ప్రహరీ వెనక ఖాళీ జాగాకు పోయాను. ఇసుక దోసిళ్ళతో పోసి మోకాలెత్తు దిబ్బ చేశాను. మొదటిసారి గొంతులో గాలే వచ్చింది. దగ్గి, మళ్ళీ మొదలుపెట్టి, మూడుసార్లు పిలిచాను. గొంతు ఉన్నదే గరుకు, వీధి దాకా పోయింది. ఏ పేరో ఇక్కడ రాయొద్దని మేడంకు చెప్పాను, అది పిలవడానికే.

ఆగి చూశాను. జవాబు లేదు. మేడం హాజరు గుర్తొచ్చింది.

పక్క విల్లా వాచ్‌మన్ పఠాన్ గోడ మీది నుంచి తొంగి చూశాడు. "కిస్‌కో బులాతీ హై, అమ్మా?" ఎవర్ని పిలుస్తున్నావని అడిగాడు.

"మేరే ఆద్మీ కో." నా మొగుణ్ణని చెప్పాను.

"ఆయా క్యా?" వచ్చాడా అన్నాడు.

"నై ఆయా, భయ్యా. ఖలాస్."

అతను తల దించుకుని లోపలికి పోయాడు. నేను చేతులు దులుపుకుని వచ్చి బియ్యం కడిగాను. ఒళ్ళు తేలిగ్గా ఉంది, ఆకలి కూడా వేసింది.

మధ్యాహ్నం తలుపు చప్పుడైంది. నీళ్ళ డబ్బాలవాడై ఉంటాడనుకున్నాను. ఖాళీ డబ్బా చేత పట్టుకునే పోయి తలుపు తీశాను.