చాట ముందు నేర్చిన వేళ్లు

సిద్దిపేటలో నేను పాఠాలు చెప్పే చిన్నపిల్లల బడిలో మూడేళ్లకే పెన్సిల్ పట్టిస్తారు. మా తరగతిలో ఒక పాపకు అది చేతిలో నిలిచేది కాదు. దిద్దమంటే ఏడ్చేది. "ఈ పిల్లకు చెయ్యి రాదు, మళ్లీ ఇదే తరగతిలో కూర్చోబెడదాం" అన్నారు బడి యజమానురాలు. కాలేజీ చర్చాపోటీల్లో అలవడిన పట్టుదలతో నేను ఎదురు వాదించాను. వేళ్లలో బలం లేనిదే అక్షరమెలా వస్తుంది? ఆ బలం ఆటలో కాక ఎక్కడ వస్తుంది? చివరికి ఆమె విసిగి, ఒక శనివారం తల్లిదండ్రుల ముందే ఆ ఆటలేవో ఆడించి చూపమన్నారు.

పిండి ముద్దలు, పూసలు, రంగు కాగితాలు చాపల మీద పరిచాను. చాలామంది పిల్లలు కాగితం చింపడానికే తంటాలు పడుతున్నారు. ఆ పాప మాత్రం తల ఎత్తలేదు. కాగితం ముక్కను ఏటవాలుగా పట్టుకుని, బొటనవేళ్లతో సన్నని గొట్టంలా చుట్టి, వెడల్పుగా ఉన్న కొనను గోటితో లోపలికి మడిచి నొక్కింది. అంత సున్నితంగా నేనైతే చేయలేను.

"చూశారా?" అన్నాను ఉత్సాహంగా. "చెయ్యి రాదన్న పిల్ల ఈమే!"

పాప నా వైపు అరచేయి చాపింది. "దారమేది మేడం? కట్టకుంటే ఊడిపోతది."

వెనక వరసలో ఒకాయన పకపకా నవ్వాడు. "గది బీడీ మేడం! అగ్గిపెట్టె గూడ ఇయ్యుండ్రి!"

అందరూ నవ్వారు. పాప చేతిని దగ్గరకు తీసుకుని చూస్తే గోళ్ల సందుల్లో గోధుమరంగు పొడి.

పాపను తీసుకెళ్లడానికి వచ్చిన అమ్మమ్మను పక్కకు పిలిచాను.

"పాపతో బీడీలు చేయిస్తున్నారా అమ్మా?"

"చేపిచ్చుడేంది బిడ్డా? నేను బీడీల చాట ముంగటేసుకుంటే ఒళ్లెకొచ్చి కూసుంటది. ఖరాబైన ఆకు ముక్కలిస్త, ఆడుకుంటది. నేను గట్లనే నేర్సిన, నా బిడ్డ గట్లనే నేర్సింది." ఆమె ముఖంలో గర్వం తప్ప ఇంకేమీ లేదు.

"మరి తంబాకు?"

"నింపకుంటే గది బీడీ ఎట్లయితది?"

ఆమె అబద్ధమాడడం లేదు. అది ఆటే. నేను ఇన్నాళ్లూ ఎవరితో పడితే వారితో వాదించి గెలిపించాలనుకున్న ఆట అచ్చంగా అదే. పక్కన పెద్దలు ఏం చేస్తుంటే పిల్లల వేళ్లు దాన్నే నేర్చుకుంటాయి. అందులో పొగాకు కూడా ఉండవచ్చునన్న ప్రశ్న మాత్రం నాకెన్నడూ తట్టలేదు.

"ఆకు ఇవ్వండమ్మా, తంబాకు ముట్టనివ్వకండి. పసిపిల్లకు అది విషం."

"మాకేమైంది మరి?" అంది ఆమె, కాస్త కోపంగానే.

మా మధ్య నిలబడిన పాపకు మా మాటలతో విసుగొచ్చినట్టుంది. బొటనవేలు నోట్లో పెట్టుకుంది. నేను చేయి చాపేలోపే అమ్మమ్మ ఆ వేలిని బయటకు లాగి, తన కొంగుతో గట్టిగా, పాప ఏడుస్తున్నా ఆగకుండా, తుడుస్తూనే ఉంది.