నీళ్లెక్కువైన నీలిపూల తీగ

మొన్న మామాతో అల్ రాయ్‌లో మొక్కల దుకాణానికి వెళ్లాను. పనిచేసే ఇంటి యజమానురాలిని మేమిక్కడ మామా అంటాం. అప్పుడే నీళ్లు పట్టారేమో, తడిమట్టి వాసన గుప్పుమంది. అందరికీ హాయిగా ఉండే వాసన. నాకు మాత్రం పాత భయమొకటి గుర్తొచ్చింది, వెంటనే బాషన్న గుర్తొచ్చాడు. బాషన్న అప్పట్లో మా ఇంటి డ్రైవరు, రాయచోటి మనిషి. ఆయన లేకపోతే నేను కువైట్‌లో నాలుగో నెల చూసేదాన్ని కాదు.

లోపలి వాకిట్లో, నీడపట్టున, మామా ఒక తీగమొక్కను ప్రాణంగా పెంచుకునేది. చలిదేశాల మొక్క. పూలు మన బిళ్ళగన్నేరు పూలలాగే ఉంటాయి, రంగు మాత్రం నీలం. ఏడాది పొడుగునా పచ్చగా నేలంతా పరుచుకుని ఉంటుంది. వాళ్లమ్మను చివరిసారి వైద్యానికి తీసుకెళ్లిన ఊరి నుంచి తెచ్చుకున్నదట. వేసవిలో ఇంటిల్లిపాదీ ప్రయాణం కడుతూ, "రమణా, దీన్ని బాగా చూసుకో" అని నాకు అప్పగించింది. నేను వచ్చి అప్పటికి నెలన్నరే. పని నచ్చకపోతే మనిషిని తెచ్చిన ఆఫీసుకే తిప్పి పంపే గడువు ఇంకా తీరలేదు.

మా ఊళ్లో ట్యాంకరు వస్తే రెండు బిందెల కోసం జుట్లు పట్టుకునేవాళ్లం. ఇక్కడ కుళాయి తిప్పితే చాలు. పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం పైపు పట్టుకుని నిలబడేదాన్ని. నిజం చెప్పాలంటే నా దాహమే తీర్చుకున్నాను. ఆకులు పసుపెక్కితే, అయ్యో పాపం, చాలడం లేదనుకుని ఇంకా పోశాను. మామా పెద్దకొడుకు ఇంట్లో బండి నడపడానికి వెళ్లిన బాషన్న మూడు వారాలకు తిరిగొచ్చాడు. వాకిట్లోకి రాగానే ఒక గుబురు పీకి చూశాడు. వేళ్లు నల్లగా కుళ్లి కంపు కొట్టాయి.

"దినానికి ఎన్నిసార్లు పోస్తాండావు మ్మే?"

"మూడుసార్లన్నా. సాలడం లేదేమో."

"సాలడం లేదా! నీళ్లెక్కువై సస్తాండాది ఇది."

"నీళ్లెక్కువై సచ్చేది యాడన్నా ఉంటాదా? నన్ను ఆటపట్టిస్తాండావు" అన్నాను. ఆయన పగలబడి నవ్వాడు. నా ముఖం చూసి ఆపేశాడు.

ఆ రోజే పైపు తీసి కారు డిక్కీలో పెట్టి తాళం వేశాడు. కుళ్లినదంతా పెరికి, మట్టిలో ఇసుక కలిపి, అంచున బతికున్న తీగల్ని కణుపు కింద కోసి నా చేతే నాటించాడు. ఏసీ నుంచి బొట్లుబొట్లుగా కారే నీళ్లు బకెట్లో పట్టి, మట్టిలో వేలు పెట్టి చూశాకే పోయమన్నాడు. మామా వచ్చేనాటికి పదకొండు తీగలు నాటుకున్నాయి. మిగిలిన నేలంతా బోసి.

ఎండకు పోయిందని చెప్పాలనుకున్నాను. బాషన్న ఒప్పుకోలేదు. "ఎండంటే నమ్ముతాది. మళ్లీ తెచ్చి నాటుతాది. మళ్లీ ఏమన్నా అయితే మళ్లీ అబద్ధమాడతావా? ఆయమ్మ లోపలికి రాకముందే నువ్వే సెప్పు."

వచ్చీరాని అరబీలో గుమ్మం దగ్గరే చెప్పేశాను. మామా ఆ నేల వంక చూస్తూ నిలబడి కళ్లనీళ్లు పెట్టుకుంది. లోపలికి వెళ్లి బాషన్నను పిలిపించింది. నేను గదిలోకి పోయి పెట్టె సర్దుకున్నాను. మూడు జతల బట్టలు సర్దడానికి ఎంతసేపు పడుతుంది? ఊళ్లో అమ్మకు ఏం చెప్పాలా అని ఏడుస్తూ కూర్చున్నాను. కాసేపటికి బాషన్న తలుపు తట్టాడు. "పెట్టె సర్దినావా? తీసెయ్. మామా చాయ్ అడుగుతాండాది" అన్నాడు. లోపల ఏం మాట్లాడాడో చెప్పలేదు. నాకూ అడిగే ధైర్యం లేకపోయింది.

ఆ తర్వాత ఆయన ఎనిమిదేళ్లు ఈ ఇంట్లోనే చేశాడు. మోకాళ్లు పట్టేసి, ఇక ఖలాస్ అని ఊరికి వెళ్లిపోయాడు. ఆయన్ని విమానాశ్రయంలో దింపి వస్తుంటే కారులో మామానే చెప్పింది. "నిన్ను ఆఫీసుకు పంపేస్తానన్నాను ఆ రోజు. బాషా ఒకటే అన్నాడు. 'మా వైపు మనుషులకు ఈ తప్పు చేసేటంత నీళ్లు ఎప్పుడూ దొరకలేదు, మామా. ఇదే మొదటిసారి' అన్నాడు."

దారంతా ఏడుస్తూనే ఉన్నాను. ఇప్పుడు ఈ ఇంట్లో పాతదాన్ని నేనే. కొత్తగా వచ్చినవాళ్లు ఏదైనా పాడుచేస్తే నోటిదాకా తిట్టు వస్తుంది, నాకు కోపం ఎక్కువే. మింగేసి పక్కన కూర్చోబెట్టుకుంటాను. మీ ఇంట్లో ఇది ఉండేదా అమ్మా, అని ముందు అడుగుతాను.