మా మేనత్త చెప్పిన గురుత్వాకర్షణ

మేనత్త పోయిందని పోయిన వారం వనపర్తి నుంచి ఫోన్ వచ్చింది. కొన్నాళ్లుగా కిడ్నీ జబ్బుతో దవాఖానలోనే ఉంది కాబట్టి ఆ మాట వినడానికి సిద్ధంగానే ఉన్నామనుకున్నాం. లేమని విన్నాక తెలిసింది.

ఆమె ఆడపిల్లల బడిలో ఫిజిక్స్ చెప్పి రిటైరైంది. ఇంట్లో ఏ పొరపాటు జరిగినా దానికొక సూత్రం కట్టేది. తడి వేలితో గచ్చు మీద రాసి మరీ చూపించేది. ఆరేసిన బట్టలు తడిసిపోయి మా అమ్మ తల పట్టుకుంటే, "బట్టలను మిద్దె మీదున్న మనుషులతో భాగిస్తే వాన వస్తది వదినా. మనుషులు సున్నా. ఇగ వాన అనంతం" అంది. అమ్మ తిట్టబోయి నవ్వేసింది.

నా పెళ్లి మల్దకల్‌లో జరిగింది. భోజనాల దగ్గర మా తమ్ముడు కాలు జారి, గిన్నెడు పప్పుచారు మా మామగారి తెల్లధోతి మీద పోశాడు. చల్లారిన చారు కాబట్టి కాలలేదు. కానీ పంక్తి అంతా చేతులాపింది. మా నాన్న చేతులు జోడించాడు. తమ్ముడి ముఖంలో నెత్తురు చుక్క లేదు. మేనత్త తువ్వాల పట్టుకుని ముందుకొచ్చింది.

"ఎంత పెద్దమనిషైతే గంత ఆకర్షణ, బావగారూ. గింతమంది కూసుంటే సక్కగ మీ మీదికే వచ్చింది. గురుత్వమంటే గిదే."

మామగారు ధోతి వైపు చూసుకున్నాడు. "గట్లైతే జర చిన్నమనిషిగ పుట్టింటె బాగుండు" అన్నాడు. పంక్తిలో నవ్వులు లేచాయి. ఆయనే తమ్ముణ్ని పిలిచి, "ఇంకింత చారుంటే తే, ఈసారి విస్తట్ల పొయ్యి" అన్నాడు.

అన్నిటికీ సూత్రాలెందుకని తర్వాతెప్పుడో అడిగాను. "తప్పు చేసినోడు అప్పటికే సగం సచ్చి ఉంటడే. మిగిలిన సగాన్ని మనమెందుకు సంపాలె?" అంది.

ఆమెను చివరిసారి చూసింది దవాఖానలోనే. కొత్తగా చేరిన నర్సుకు ఎంతకీ నరం దొరకడం లేదు. గుచ్చిన చోటల్లా కమిలిపోతోంది. మంచం చుట్టూ మేమంతా నిలబడి చూస్తున్నాం. ఆ పిల్ల కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

"చూసేటోళ్లు పెరిగితే నరం లోపలికి పోతది బిడ్డా. గిది సైన్సు. ముందు వీళ్లను బయటికి పంపు" అంది మేనత్త.

మేం బయటికొచ్చాం. కాసేపటికి తలుపు సందులోంచి చూశాను. సూది ఎక్కింది, సెలైన్ దిగుతోంది. ఆ పిల్ల మాత్రం మేనత్త చెయ్యి వదలకుండా, మంచం అంచున కూర్చుని నవ్వుతోంది.