ఉతికిన తెర

నెల్లూరు సాగర కళానిలయం చరిత్రను పండితులెవరూ ఇంకా రాయలేదు. రాస్తే మూడు యుగాలు తేలతాయి: మూతబడిన ఐస్ ఫ్యాక్టరీలో పావురాలు కాపురమున్న యుగం, అందులో నాటకాలాడిన యుగం, కార్యదర్శి జీవానందం గారు తెర ఉతికించిన తరువాతి యుగం.

తెర సామాన్యమైనది కాదు. నిలయం తెరిచినప్పుడు, మైపాడు పడవల మీద పేర్లు రాసే మాల్యాద్రి పాత తెరచాపలు కుట్టించి, జిగురు కలిపిన పొడిరంగులతో వాటి మీద సముద్రాన్ని వేశాడు. ముప్ఫై ఏళ్లుగా వచ్చిన ప్రతి వక్తా దాని ముందు నిలబడి "మన వారసత్వం" అంటూ గొంతు సవరించుకున్నాడు.

జీవానందం గారు రిటైరైన తెలుగు మాస్టారు. క్రిస్మస్ ముందు చర్చి తెరలు విప్పించి ఉతికించే బాధ్యత వాళ్ల తాతల నాటి నుంచీ ఆ ఇంటిదే. నిలయం వార్షికోత్సవమూ పండుగే గదా అని, అదే భక్తితో వారసత్వాన్ని సబ్బునీళ్లలో నానబెట్టించారు. సముద్రం మురుగుకాలవలో కలిసింది. వెలిసిన దుప్పటి ఒకటి మిగిలింది.

"బాగా తెల్లబడిందే! చర్చిలో కట్టుకుందామా?" అంది భార్య రెబెక్కమ్మ.

ఆయనకు అన్నం సయించలేదు. ఆదివారం ప్రార్థనలో తలవంచి క్షమాపణ వేడుకున్నారు. అయితే తెర వేసింది దేవుడు కాదు గనక, మధ్యాహ్నం మైపాడు ఆటో ఎక్కారు.

మాల్యాద్రి ఒడ్డున స్టూలు మీద కూర్చుని పడవకు రంగు వేస్తున్నాడు.

"ఘోరం చేసినాను మాల్యాద్రీ. నీ తెర ఉతికించినాను. బొమ్మంతా పోయింది."

"ఇంకా ఉండాదా సార్ అది? ఒక్క నాటకానికని వేసినా."

"ముప్ఫై ఏళ్లు కళ్లకద్దుకున్నాం గదయ్యా!"

"అద్దుకున్నారులే. ఇంకొకటి వెయ్యమని ఒక్కరన్నా వచ్చినారా? పిలుస్తారేమోనని పొడిరంగులు డబ్బాలో దాచిపెట్టినా. గడ్డకట్టి రాయైపోయినాయి."

ఆటోలో బట్టీపట్టిన క్షమాపణ ఉతికించిన తప్పు వరకే సరిపోయేది. ఏటా స్వాగతోపన్యాసం రాసింది ఆయనే. అందులో మాల్యాద్రి పేరుండేది, సభలో మాల్యాద్రి ఉండేవాడు కాదు.

"ఇప్పుడు వెయ్యి," అని గొణిగారు.

"నేల మీద పరిచి వెయ్యాల సార్. మోకాళ్లు వంగవు."

"నువ్వు కుర్చీలో కూర్చుని చెప్పు. నేను వేస్తా."

"మీరా! ఉతికినంత బాగా వేస్తారు." మాల్యాద్రి నవ్వి కుంచె చేతికిచ్చాడు. "ముందీ పడవ అంచు పూయండి, చూస్తాం."

ఎర్రగీత మొదటి జానెడులోనే వంకర తిరిగింది.

"ఉపన్యాసం రాసినట్టనుకున్నారా? చెయ్యి వదులు చెయ్యండి సార్, గొడ్డలి పట్టుకున్నట్టు ఏందది!"

ఇన్నాళ్లకు ఆయన్ను ఒకరు తిట్టారు. జీవానందం గారికి ప్రాణం కాస్త కుదుటపడింది. ఇంకో నాలుగు తిట్లు పడతాయన్న ఆశతో, గీత తుడిచి మళ్లీ మొదలుపెట్టారు.