ప్యాసింజరు పలకలు

చెన్నబసప్పకు అసహ్యం కలిగించని వస్తువు జహీరాబాద్‌లోనే లేదని ఊళ్లోవాళ్లు నవ్వుకునేవారు. అందులో అబద్ధమేమీ లేదు. గ్లాసు ఎవడి మూతికి తగిలిందోనని హోటల్లో చాయ్ తాగడు. పెళ్లి బంతిలో కూర్చుంటే విస్తరిని రెండుసార్లు కడుక్కుంటాడు. అల్లం పండించే మనిషి, పొద్దస్తమానం మట్టిలో బతికేవాడు, మట్టి అంటే మాత్రం ఏ రోతా లేదు. రోతంతా మనుషులు ముట్టిన వాటిమీదే. పొద్దున్నే స్నానం చేసి, మెడలోని లింగాన్ని అరచేతిలో పెట్టుకుని పూజ ముగించాక అతని నోట వచ్చే మొదటి మాట చాలాసార్లు "ఛీ" అనే. అయితే ఒకటి, మనిషి అబద్ధమాడడు. లింగం చేతబట్టి ఒక మాటన్నాడంటే అది జరిగి తీరుతుందని ఊరు భయపడేది.

అలాంటివాడు అనంతమ్మ విషయంలో మాత్రం ఏనాడూ ముక్కు మూసుకోలేదు. పెళ్లానికి టీబీ పట్టాక ఆమె కఫం పడ్డ గిన్నె తన చేతులతోనే కడిగేవాడు. వారం వారం ప్యాసింజరులో వికారాబాద్ గుట్ట మీది దవాఖానకు తీసుకుపోయి, సూది వేయించి, మందులు కట్టించుకుని సాయంత్రం బండికి తిరిగొచ్చేవాడు. "నడుమ ఆపితే మాత్రం రోగం మొండికేస్తది. మల్ల ఈ మందులకు లొంగది" అని డాక్టరు మొదటిరోజే చెప్పాడు.

ఆ బండే ఆగిపోయింది. బొగ్గు కరువొచ్చిన ఏడు అది, డెబ్బై తొమ్మిది చివర్లో. కొన్నాళ్లే అని స్టేషన్ గోడకు కాగితం అంటించారు. బొగ్గు వచ్చింది, గూడ్సులు ఎప్పటిలాగే తిరిగాయి, కాగితం వానకు తడిసి ఊడిపోయింది. ప్యాసింజరు మాత్రం రాలేదు. ఇక బస్సే గతి అని చెన్నబసప్ప భార్యను బస్సెక్కించాడు. సదాశివపేట ఇంకా రాకముందే ఆమెకు దగ్గు తెర వచ్చింది, కొంగు ఎర్రబడింది. ముందు సీటాయన లేచి నిలబడి, "గీ బీమారీ అందరికీ అంటిస్తరా, దింపు ముందు" అన్నాడు. ఒకడు అందుకుంటే బస్సంతా అందుకుంది. కండక్టరు చెడ్డవాడు కాదు, "నేనేం జేస్త పెద్దాయనా, బస్సు కదలనిస్తలేరు" అంటూనే ఇద్దరినీ చేన్ల నడుమ దింపేశాడు. చెరుకు లారీ ఒకటి ఆపి ఇల్లు చేరారు. ఆ బస్సులో కూర్చున్న మొహాలు గుర్తొచ్చినప్పుడల్లా చెన్నబసప్ప ఉమ్మేసేవాడు. మరుసటి వారం అతను మందుల సంచి సర్దుతుంటే అనంతమ్మ చెయ్యి పట్టుకుని ఆపింది.

"నేను ఆ బస్సెక్క. సచ్చినా ఎక్క. రైలొచ్చినంక పోదం" అంది.

ఊళ్లో అప్పటికే ఒక కమిటీ పుట్టింది. బట్టల దుకాణం రామ్‌కిషన్ సేట్, వకీలు జగన్‌మోహన్ దానికి పెద్దలు. వాళ్లు సికింద్రాబాద్ పోతుంటే, పిలవకుండానే చెన్నబసప్ప కూడా వెంటబడ్డాడు. అక్కడి అధికారి అంతా విని తీరిగ్గా చెప్పాడు. "ఇంజనుంది, బొగ్గుంది. మనుషులెక్కే డబ్బాలే లేవు. ఉన్నవన్నీ పెద్ద లైన్లకు వెళ్లిపోయాయి. మీరు నాలుగు డబ్బాలు చూపించండి, నేను బండి నడుపుతాను." వకీలు పకపకా నవ్వాడు, సేట్ కూడా నవ్వాడు. చెన్నబసప్ప నవ్వలేదు. మాటన్నాక మాటే కదా, ఇందులో నవ్వేందుకేముంది అనుకున్నాడు. చూపిస్తానని అక్కడే చెప్పి లేచొచ్చాడు.

అల్లం బస్తాలు మార్కెట్‌కు పోయినప్పుడల్లా అతను దారిలో ఉన్న ప్రతి యార్డులో దిగడం మొదలుపెట్టాడు. ఇంత రోత ఒక్కచోట పేరుకుని ఉంటుందని అతనికి అంతవరకు తెలియదు. ఒక డబ్బాలో పచ్చి తోళ్లు నింపి మరిచిపోయారు, నూరడుగుల దూరానికే కంపు కొట్టింది. ఇంకొక దాంట్లో కోళ్లు గుడ్లు పెడుతున్నాయి. పగలని అద్దాలున్న మంచి డబ్బా ఒకటి కనబడితే, అది సిబ్బంది పేకాటకు పెట్టుకున్నదని తేలింది; అడిగితే "ఇది పాతది, చక్రాలు లేవు" అన్నారు, చక్రాల మీదే కాళ్లూపుకుంటూ. చెన్నబసప్ప అంగీ అంచు ముక్కుకు కప్పుకుని ఒక్కోదాని లోపలికెక్కి, బయటికి దిగి, బావి కనబడితే స్నానం చేసి మళ్లీ నడిచేవాడు. "నీళ్ల ఖర్చే తప్ప డబ్బా దొరకలేదా అప్పా?" అని హోటల్ సాయన్న ఆటపట్టించేవాడు. అతనికి నవ్వులాటలు నచ్చవు.

చివరికి బీదర్ దాటాక, కంకర రాయి కొట్టే చోట, తుమ్మ చెట్లు కమ్ముకున్న పక్క పట్టాల మీద అవి దొరికాయి. ఎర్రమట్టి రంగు డబ్బాలు నాలుగు. పట్టాల పనివాళ్లు కొన్నాళ్లు కాపురమున్నారు, తర్వాత ఎవరూ అడగలేదు. పొయ్యి మసి, చింపిరి చాపలు, మూలమూలకూ మనుషుల మురికి. కానీ కప్పు కారలేదు, తలుపులు సరిగ్గా మూసుకున్నాయి, సీట్లకు పాతకాలపు టేకు పలకలు అరిగి అరిగి నున్నగా ఉన్నాయి. చెన్నబసప్ప ఆ మురికిలోనే ఒక పలక మీద చతికిలబడ్డాడు. అలా కడగని చోట కూర్చోవడం అతని జన్మలో అదే మొదలు.

అధికారి మాట తప్పలేదు. ఇది ఊరు అనుకోని సంగతి. గూడ్సుకు తగిలించి నాలుగింటినీ జహీరాబాద్ పక్క పట్టాల మీదికి చేర్పించాడు. "చక్రాలు, బ్రేకులు మావాళ్లు చూస్తారు. కడిగించే మనుషులు నా దగ్గర లేరు, అది మీ వంతు. వచ్చే సోమవారం వచ్చి చూస్తాను" అని చెప్పి పంపాడు.

ఊరంతా కదిలింది, అది ఒప్పుకోవాలి. బకెట్లు, చీపుర్లు, సున్నం, ఒక్కరోజులో నేల తేలింది. కానీ చెన్నబసప్ప ఒక పలకను గోటితో గీకి చూస్తే సందులోంచి నల్లులు బిలబిలమని బయటికొచ్చాయి. అతనికి ఒళ్లు జలదరించింది. దీనిమీదనా నా అనంతమ్మ కూర్చునేది? పలకలన్నీ ఊడదీయాలన్నాడు. మరిగే నీళ్లు పోయాలి, ఎండలో వేయాలి. స్టేషన్లో అన్ని నీళ్లు మరిగించే పొయ్యిలెక్కడివి? అప్పుడతనికి ఊరి ఆనవాయితీ ఒకటి తట్టింది. పెళ్లంటే ఇంటింటికీ జొన్నపిండి పంచుతారు. పొద్దుటికి ప్రతి ఇంటినుంచీ రొట్టెలు దొంతరలుగా వచ్చేస్తాయి, ఒక్క రొట్టె తగ్గదు. పలకలు కూడా అలాగే పంచుదామన్నాడు.

"ఇంటికో రెండు తీస్కపోండ్రి. నీళ్లు కాచి పోసి, ఎండకేసి, ఆదివారం పొద్దుగూకే సరికి తెచ్చి ఇయ్యిండ్రి" అని చెప్పాడు.

తన ఇంటి వంతు చూడమని బావమరిది శివకుమార్‌కు అప్పజెప్పి, తను తలుపులకు నూనె పోస్తూ స్టేషన్లోనే ఉండిపోయాడు. పొద్దు పొడవకముందే వచ్చేవాడు, అనంతమ్మ నిద్రపోయాక ఇంటికి చేరి అరుగు మీద పడుకునేవాడు.

రొట్టె తింటే అరిగిపోతుంది. టేకు పలక తరతరాలు ఉంటుంది. ఆ తేడా అతనికి తట్టలేదు.

ఆదివారం సాయంత్రం ముసలి నారమ్మ తన రెండు పలకలూ నెత్తిన పెట్టుకుని వచ్చింది. ఇంకా ఒకరో ఇద్దరో. అంతే. సోమవారం అధికారి చెప్పిన వేళకే వచ్చాడు. డబ్బాలోకెక్కి, పలకల్లేక వరసగా నిలబడ్డ సీట్ల ఇనుప చట్రాలను చూశాడు. కోప్పడి ఉంటే చెన్నబసప్పకు ఎంతో కొంత సుఖంగా ఉండేది.

"డబ్బాలు చూపించమన్నాను, చూపించారు. మనుషులెక్కడ కూర్చుంటారు?" అని మెల్లగా అడిగాడు. "ఇవి కావాలని ఇంకో లైనువాళ్లు అడుగుతున్నారు. గూడ్సు సాయంత్రం దాకా ఇక్కడే ఉంటుంది. పలకలు వస్తే బండి మీది."

చెన్నబసప్ప బజారులో పడ్డాడు. రామ్‌కిషన్ దుకాణంలో బట్ట కత్తిరించే బల్ల కొత్తగా మెరుస్తోంది. దాని అంచున సీటు నంబరు ఇంకా చెరగలేదు. "నా ఒక్కనిదాంతోటి బండి ఆగుతదా?" అన్నాడు కమిటీ పెద్ద. వకీలు ఇంట్లో పుస్తకాలు పలక మీదికెక్కాయి. సాయన్న హోటల్ ముందు బెంచీగా మారిన పలక మీద నలుగురు కూర్చుని, రైల్వేవాళ్లు ఎంత దగుల్బాజీలో మాట్లాడుకుంటున్నారు. అందరూ శ్రీవైష్ణవులే, బుట్టెడు రొయ్యలు మాయం. "మా ఒక్క పలకతోనేమైతది", ప్రతి గడపలోనూ అదే మాట. ఇన్నాళ్లూ యార్డుల్లో చూసిన తోళ్ల కంపు దీనికంటే నయమనిపించింది అతనికి. ఈ చేతులు కడిగినవేనా? ఈ నోళ్లు లింగాన్నో, దేవుణ్నో తలుచుకునేవేనా? బజారు నడుమ ఆగిపోయాడు. అంగీలోంచి లింగాన్ని తీసి పిడికిట పట్టుకున్నాడు.

"ఇన్రి" అన్నాడు. అరవలేదు, అందుకే అందరికీ వినబడింది. "ఆ పలకల మీద కూసున్నోళ్లు, పండినోళ్లు మల్ల లేవకుండ పోవాలె."

సాయన్న బెంచీ మీది నలుగురూ గభాల్న లేచి నిలబడ్డారు. అయినా ఆ పలక మోసుకొచ్చినవాడు ఒక్కడూ లేడు. చెన్నబసప్ప ఇంటి దారి పట్టాడు. తన రెండు పలకలైనా తీసుకుపోయి ఆ చట్రాల మీద బిగిద్దామని, అవైనా అధికారి కంట పడతాయని.

ఇంట్లో నులక మంచం గోడకు నిలబెట్టి ఉంది. ఇటుకల మీద రెండు పలకలు పక్కపక్కన పరిచి, పైన దుప్పటి వేసి, దానిమీద అనంతమ్మ కళ్లు మూసుకుని పడుకుంది.

"మంచం కుంగి అక్కకు నడుము నొస్తున్నదని పొద్దున ఏసిన బావా" అన్నాడు శివకుమార్ గుమ్మంలోంచి. "అందరు ఉంచుకుంటున్నరు. మన ఒక్కరిదాంతోనేమైతది అనుకున్న."

చెన్నబసప్ప అతనివైపు చూడలేదు. పిడికిట్లో లింగం ఇంకా అలాగే ఉందని అప్పుడు గుర్తొచ్చింది. పలక పక్కన నేల మీద కూలబడి భార్య భుజం మీద చెయ్యి వేశాడు.

"అనంతమ్మా, జర లే."

"ఇప్పుడే కన్నంటింది. జర సేపు పండనియ్యి."

"ఒక్కసారి లేచి నిలవడు. మల్ల పండుదువు."

"శాతనైతలేదు."

"నీకు దండం పెడ్త. ఒక్కసారి."

ఆమె కళ్లు తెరవనైనా తెరవలేదు. పెళ్లయినప్పటినుంచి ఎవరికీ దండం పెడతానని అనని మనిషి, జ్వరంతో కాలుతున్న ఆ చెయ్యి పట్టుకుని మళ్లీ మళ్లీ అదే మాట అంటున్నాడు. శివకుమార్‌కు ఏమీ అర్థం కాక బిక్కమొహం వేసుకుని నిలబడ్డాడు.

స్టేషన్ వైపునుంచి ఇంజను కూత వినబడింది. గూడ్సు కదులుతోంది. దాని వెనక నాలుగు డబ్బాలూ కదులుతున్నాయని చెన్నబసప్పకు చూడకుండానే తెలిసింది.

అనంతమ్మ కళ్లు తెరిచింది. మోచెయ్యి ఊని లేచి కూర్చుంది, కాళ్లు కిందికి దించింది, గోడ పట్టుకుని నిలబడింది. ఊడిన జుట్టును ముడివేసుకుంది.

"బండొచ్చిందా?" అని అడిగి, గూట్లో మందుల సంచి కోసం చెయ్యి చాపింది.