అవ్వ మంచం మీది డిస్కులు

ధర్మవరంలో మా ఇంట్లో రెండు పనులకూ ఒకటే బండల నేల. ముందు గదిలో నాయన గుంట మగ్గం. గోడకు ఇవతల నా హార్డ్ డిస్కులు. బెంగుళూరు కంపెనీలు సర్వర్లలో కొన్నేళ్లు తిప్పి తీసేసిన డిస్కులను తెప్పిస్తాను. పాత సమాచారం తుడిచేసి, డిస్కు మొదటి నుంచి చివరిదాకా కొత్తగా రాయించి, తిరిగి చదివించి, బాగున్నవాటిని మళ్లీ సర్వర్లు నడిపేవాళ్లకే అమ్ముతాను. ఈ పనే బెంగుళూరులో ఒకరి కింద చేస్తూ, హాస్టల్ సాంబారు మింగలేక ఇంటికి వచ్చేశాను. మొదటి పెద్ద ఆర్డరు సరిగ్గా పంపితే ఇక్కడే ఉండిపోవచ్చు. లేదంటే మళ్లీ ఆ సాంబారే గతి.

ఆ డిస్కులను పరీక్షకు పెట్టిన రోజు నాకు ఏడుపొక్కటే తక్కువ. రాసే వేగం ఉన్నట్టుండి పడిపోతుంది, లేస్తుంది. ఒకటి కాదు, అన్నీ అంతే. నాకు అంటగట్టినవాణ్ణి కడిగేద్దామని ఫోన్ తీశాను. అంతలో నాయన సంగటి తినడానికి మగ్గంలోంచి లేచాడు. తెర మీద వేగం చూపే గీత బుద్ధిగా, తిన్నగా సాగింది. ఆయన చెయ్యి కడుక్కుని మళ్లీ మగ్గంలోకి దిగాడు, గీత మళ్లీ కుప్పిగంతులు మొదలుపెట్టింది. మగ్గం దెబ్బ బండల గుండా వచ్చి, తిరిగే డిస్కులను కుదిపేస్తోందన్నమాట! అమ్మినవాడు బతికిపోయాడు.

సంతోషం పట్టలేక నాయనకు చెప్పేశాను. మరునాడు ఆయన మగ్గంలోకి దిగలేదు.

"ఏం నాయనా, ఒంట్లో బాగలేదా?"

"నీ పని అయ్యేదాకా నిలిపితే ఏమైతాదిలే పాపా. మగ్గం యాడికీ పోదు."

ఏమవుతుందో నాకు తెలియదా! మగ్గం మీద ఉన్నది ఎవరిదో పెళ్లి చీర, ముహూర్తం దగ్గర పడింది. వద్దంటే వినడు. ఆ చప్పుడు లేని ఇల్లు నాకు బొత్తిగా నచ్చలేదు, దిగులేసింది.

నాయన తల్లి, మా అవ్వ, మూలన నులక మంచం మీద నుంచే విసుక్కుంది.

"కింద పండుకుంటే మగ్గం దెబ్బ నడుముకు తగుల్తాదనే కదమ్మే నేను మంచమెక్కింది. నీ డబ్బాలకు మాత్రం నడుము లేదా?"

నవ్వబోయి ఆగిపోయాను.

"లే అవ్వా, మంచం కావాల."

"నేనేడ పండుకోవల్ల?"

గొణుగుతూనే లేచింది. డిస్కుల పెట్టెను నులక మీద పెట్టి, వేడెక్కకుండా కింద ఫ్యాను తిప్పి, నాయనను మగ్గంలోకి దింపాను. ఆయన పసిబిడ్డను జోకొట్టినట్టు మెల్లగా నేస్తున్నాడు.

"గట్టిగా కొట్టు నాయనా!"

"కొడ్తాండా కదా!"

"ఇంకా గట్టిగా!"

ఈసారి ఇల్లు అదిరింది. గీత అదరలేదు. అవ్వ కూడా వచ్చి తెరలోకి తొంగి చూసింది.

"ఇంగెన్నాళ్లమ్మే ఈ అల్లుళ్లు నా మంచం మీద?" అంది.

అల్లుళ్లు ఇప్పటికీ దిగలేదు. అవ్వకు కొత్త మంచం కొన్నాను, అది పాతదంత బాగలేదని రోజూ సాధిస్తుంది. ఆ వారంలోనే ఆర్డరు వెళ్లింది, పెళ్లి చీర వెళ్లింది. నేను మాత్రం ఎక్కడికీ వెళ్లలేదు.